గీసిన మీసం

సోమవారం

ఇవాళ భోజనాల దగ్గర తేలిన విషయం: ఈ ఇంట్లో నా ప్రాణం కంటే చంటిగాడి ప్రాణం ఖరీదు. ఊరికే అనడం కాదు, లెక్కలతో సహా తేలింది.

అమ్మ ఆరోగ్యశాఖలో గణాంకాల విభాగం కదా, ఎవరు ఏ వయసులో దేనివల్ల పోయారో లెక్కగట్టి గ్రాఫులు గీస్తుంది. మామూలుగా ఆ గోల ఆఫీసులోనే వదిలేసి వస్తుంది. ఈసారి ఒక రిపోర్టు ఇంటిదాకా వచ్చింది. మా వయసు పిల్లలు, కొట్లాటల్లో, కత్తిపోట్లలో పోయినవాళ్ళు. అబ్బాయిలెందరు, అమ్మాయిలెందరు, ఏ పేట నుంచి ఎందరు. అమ్మ నీళ్ళ గ్లాసులు పక్కకు జరిపి బల్ల మీద గ్రాఫు పరిచింది.

అబ్బాయిల కడ్డీ కాగితం పై అంచుదాకా వెళ్ళింది. అమ్మాయిల కడ్డీ మీద నుంచి చీమ దూకినా దానికి దెబ్బ తగలదు.

"పదహారు దాటాక చూడండి, ఎలా లేచిపోయిందో," అంది అమ్మ.

మాకు పదహారు నిండి నెల కాలేదు. కవలలుగా పుట్టడంలో ఉన్న అన్యాయం ఇదే. పుట్టినరోజు కేకు సగం సగం, ఇంట్లోవాళ్ళ దిగులు మాత్రం మొత్తం వాడికే.

"రైలు పట్టాలకి ఇవతల ఇంత. అవతల, ఇదిగో, ఇంత." పట్టాల అవతలి కడ్డీ మీద పెట్టిన వేలు అమ్మ చాలాసేపు తీయలేదు. నాన్న కుడికాలితో నేలను గట్టిగా తొక్కాడు. రోజంతా డ్రైవింగ్ స్కూల్లో నేర్చుకునేవాళ్ళ పక్కన కూర్చుంటాడు కాబట్టి, భయమేస్తే ఎక్కడున్నా బ్రేకు తొక్కుతాడు. సోఫా ముందు తివాచీ ఆ ఒక్కచోటే అరిగిపోయింది.

తర్వాత అమ్మ చంటి వైపు చూసింది. వాడు ఉడికించిన గుడ్డు మొత్తం ఒకేసారి నోట్లో పట్టించే ప్రయత్నంలో ఉన్నాడు. అమ్మకి కళ్ళనీళ్ళు తిరిగాయి. తన పళ్ళెంలో గుడ్డు కూడా తీసి వాడికి వేసింది.

"మరి నేను?" అన్నాను.

"నీకేంటమ్మా, నువ్వు పొట్టి కడ్డీవి."

"అంటే అమ్మాయిలకి ప్రమాదమే లేదా?"

"ఎందుకు లేదు? కాకపోతే వీధిలో వాళ్ళ వల్ల తక్కువ. ఇంట్లోవాళ్ళు, తెలిసినవాళ్ళు, వాళ్ళవల్లే ఎక్కువ."

బల్ల చుట్టూ ఒకసారి చూశాను. నానమ్మ నా వైపే చూస్తూ యాపిల్ కోస్తోంది.

మంగళవారం

కొత్త చట్టాలు వచ్చాయి.

వంటింట్లో కత్తులన్నీ అమ్మ సంచిలో వేసుకుని ఆఫీసుకి పట్టుకుపోయి తన సొరుగులో పెట్టి తాళం వేసింది. నానమ్మ ఉల్లిపాయని చెంచాతో కోసింది. కోసింది అనకూడదు, బతిమాలింది. ఒక్క చిన్న కూరగాయల కత్తి మాత్రం అమ్మ కంట పడకుండా తన దిండు గలేబులో దాచుకుంది. ఆ సంగతి నాకు చెప్పి, ఎవరికీ చెప్పొద్దంది. పది నిమిషాల తర్వాత చంటికి చెప్పి, ఎవరికీ చెప్పొద్దంది.

చంటి పట్టాలు దాటకూడదు. ఎవరి మొహంలోకీ తేరిపార చూడకూడదు. ఎవరైనా తోస్తే "సారీ అండీ" అనాలి.

"ఎవరు తోసినా?" అన్నాడు వాడు.

"ఎవరు తోసినా."

పనిచేస్తుందో లేదో చూద్దామని నేనే తోశాను. సారీ అనలేదు.

నాకు ఒక్క చట్టమూ లేదు. కావాలంటే సర్కస్‌లో కత్తులు మింగే ఉద్యోగంలో చేరొచ్చనుకుంటా.

బుధవారం, పొద్దున

నా కనుబొమల పెన్సిల్ కనిపించడం లేదు.

బుధవారం, సాయంత్రం

కనిపించింది. చంటిగాడి మూతి మీద.

వాడికి మీసం రాలేదని కాదు. వచ్చింది. కిటికీ పక్కన, ఎండలో, ఒక కోణంలో నిలబెడితే కనిపిస్తుంది. క్లాసులో మిగతావాళ్ళకి ఏ కోణంలోనైనా కనిపిస్తోందని వాడికి ఏడుపు. అందుకని నా పెన్సిల్‌తో దిద్దుకున్నాడు. దిద్దినవాడు కొంచెం దిద్ది ఊరుకోవాలి కదా! ఎడమవైపు పోలీసు ఆఫీసరులా, కుడివైపు పిల్లిలా వచ్చింది.

మొదటి రెండు పీరియడ్లూ గౌరవంగానే గడిచాయి. మూడోది ఆటల పీరియడ్. చెమట పట్టింది. మీసం నెమ్మదిగా గడ్డం వైపు ప్రయాణం మొదలుపెట్టింది. అప్పుడు క్రేన్ వచ్చాడు.

క్రేన్ అంటే మా పై క్లాసు వాడు. పదిహేడేళ్ళు, అప్పుడే చెంపల నిండా గడ్డం. పట్టాల అవతల నుంచి వస్తాడు. బీరువా మీద సామాను స్టూలు లేకుండా తీసేంత పొడుగు. వాడు వంగి చంటి మూతి మీద బొటనవేలితో ఒక్కసారి రాశాడు. వేలు చూసుకున్నాడు. పైకెత్తి అందరికీ చూపించాడు.

"ఒరేయ్, గొంగళిపురుగు రంగు పోతోందిరా!"

గ్రౌండంతా నవ్వింది. ఆటల మాస్టారు ఈల నోట్లో పెట్టుకుని నవ్వేసరికి ఈల కూడా మోగింది. నేను నవ్వలేదు. కొంచెం నవ్వాను.

చంటి మొహం చూశాక ఆపేశాను.

గురువారం

శనివారం సాయంత్రం, మూతపడిన ఐసు ఫ్యాక్టరీ వెనక. అదీ కబురు.

ఎవరు ఎవరిని రమ్మన్నారో ఎవరికీ సరిగ్గా తెలియదు. క్రేన్ "ఆ చంటిగాడిని మూతి కడుక్కోమనండి" అన్నాడట. అది చంటి దగ్గరికి వచ్చేసరికి "మూతి పగలగొడతా" అయింది. చంటి "చూద్దాం" అన్నాడట. అది పట్టాల అవతలికి వెళ్ళేసరికి "పదిమందితో వస్తా" అయింది. మధ్యలో మోసుకెళ్ళేవాళ్ళకి ఎంత సరదాగా ఉందో! క్యాంటీన్‌లో ముందువరసలో చోటు కోసం అప్పుడే పోట్లాడుకుంటున్నారు.

"వెళ్ళకు," అన్నాను వాడితో.

"వెళ్ళకపోతే రేపటి నుంచి స్కూల్లో నా పేరేంటో తెలుసా?"

"గొంగళి."

"చూశావా! నువ్వే అనేశావు."

నాకేం సంబంధం లేదు. వాడి మూతి, వాడి ఇష్టం. పెన్సిల్ తిరిగిచ్చేస్తే చాలు.

శుక్రవారం

నానమ్మ దిండు దులిపి చూస్తోంది. మంచం కింద చూసింది. ఫ్రిజ్ వెనక చూసింది. నన్ను పక్కకి పిలిచి, "అది లేదే," అంది.

చంటి స్నానానికి వెళ్ళినప్పుడు వాడి స్కూలు సంచి చూశాను.

సాక్సులో చుట్టి ఉంది.

శుక్రవారం, మళ్ళీ

నాకేం సంబంధం లేదని నిన్న రాశాను. సరే.

కత్తి తీసేసి అక్కడ గరిటె పెడదామనుకున్నాను. గరిటెతో వాడు ఎవరినీ ఏమీ చేయలేడు, మహా అయితే వడ్డిస్తాడు. కానీ క్రేన్ దగ్గరా ఏదో ఉంటే? చంటి పదిమందితో వస్తున్నాడని క్రేన్ నమ్మాడు కదా, ఉత్త చేతులతో వస్తాడా? అప్పుడు మావాడి చేతిలో గరిటె.

అమ్మకి చెబితే? అమ్మ పోలీసులకి ఫోన్ చేస్తుంది. పోలీసులు చంటిని "బాబూ" అంటారు, క్రేన్‌ని జీపెక్కిస్తారు. ఎందుకంటే మేము ఇవతల, వాడు అవతల. ఇదేమీ గ్రాఫులో ఉండదు. అయినా తెలుసు.

సాయంత్రం అమ్మ చంటికి విటమిన్ మాత్రలు తెచ్చింది. "ఆరోగ్యం చూసుకో నాన్నా," అంది. వాడు ఆ సంచిని కాళ్ళ మధ్య పెట్టుకుని మాత్ర మింగాడు.

నానమ్మకి చెప్పేశాను. కుర్చీలోంచి లేచి, ఎందుకు లేచిందో మర్చిపోయినట్టు మళ్ళీ కూర్చుంది. కాసేపటికి అడిగింది.

"ఆ పొడుగబ్బాయికి ఇంట్లో ఎవరున్నారు?"

"అక్క ఉందట. పట్టాల అవతల బ్యూటీ పార్లర్ నడుపుతుంది."

"పొద్దున్నే వెళ్దాం."

"అక్కడ కడ్డీ చాలా ఎత్తు నానమ్మా."

"నా వయసు ఆడవాళ్ళకి అందులో అసలు కడ్డీయే లేదు. నన్నెవడు ఏం చేస్తాడు? చెప్పులు తీసి ఉంచు."

శనివారం, మధ్యాహ్నం

ఇప్పుడే వచ్చాం. అక్షరాలు వంకరగా పడుతున్నాయి. పట్టాలు దాటే వంతెన మెట్లు ఎక్కువ, అంతే.

పార్లర్ ఒకే గది. రెండు కుర్చీలు, ఒక అద్దం, గోడ మీద జుట్టు ఎగురుతున్న అమ్మాయి బొమ్మ. క్రేన్ వాళ్ళక్క కూడా పొడుగే. తల బల్బుకి తగలకుండా వంగి పనిచేస్తోంది. నానమ్మ లోపలికి వెళ్ళీ వెళ్ళగానే ఖాళీ కుర్చీలో కూర్చుంది. ఆవిడ తువ్వాలు తెచ్చి నానమ్మ మెడకి చుట్టేసింది.

"ఏం చేయమంటారమ్మా? కటింగా?"

"మీసం గురించి వచ్చాం," అంది నానమ్మ.

ఆవిడ నానమ్మ పెదవి మీదకి వంగి శ్రద్ధగా చూసింది. "పెద్దగా లేదమ్మా. దారంతో రెండు నిమిషాలు."

"నాది కాదు!"

నేను మొత్తం చెప్పాను. పెన్సిలు, చెమట, బొటనవేలు, ఐసు ఫ్యాక్టరీ. వింటూ వింటూ మొదట నవ్వింది. నేను సాక్సు సంగతి చెప్పాక నవ్వు ఆగిపోయింది. వెళ్ళి అద్దం కింద సొరుగు తెరిచింది. మూసింది. మళ్ళీ తెరిచింది.

"నా పెద్ద కత్తెర నిన్నటి నుంచి కనిపించడం లేదు," అంది.

ముగ్గురం ఆ సొరుగులోకి తొంగిచూశాం. దువ్వెనలు తప్ప ఏమీ లేవు.

"మావాడికి రోజూ చెబుతాను," అంది ఆవిడ మెల్లగా. "ఆ పక్క పిల్లలతో పెట్టుకోకురా, వాళ్ళకేమైనా అయితే ఊరు మొత్తం వస్తుంది, నీకేమైనా అయితే నేనొక్కదాన్నే వస్తాను అని. పోయిన ఏడాది ఈ సందులోనే ఒకబ్బాయి పోయాడు. మావాడి ఈడే. సైకిల్ బెల్లు దగ్గర మాటామాటా పెరిగింది. బెల్లు ఎవరు కొట్టారో కూడా ఎవరికీ గుర్తులేదు. వాళ్ళమ్మ ఇక్కడికొచ్చి తల దువ్వించుకుంటుంది. ఇంట్లో దువ్వుకోబుద్ధి కాదట."

అమ్మ వేలు పెట్టి తీయని ఆ కడ్డీలో ఈ అబ్బాయి కూడా ఉన్నాడన్నమాట.

నానమ్మ తువ్వాలు విప్పి మడత పెట్టింది. "చూడమ్మా, ఇప్పుడు మీవాడి దగ్గర కత్తెర లాక్కుంటే వాడు ఇంకేదో తెస్తాడు. మావాడూ అంతే. ఇద్దరి దగ్గరా ఒకేసారి, ఒకరి ఎదుట ఒకరివి తీయించాలి. మనమే ముందు వెళ్ళి కూర్చుందాం."

"కూర్చుందామా?"

"మడత కుర్చీ ఉందా?"

ఉంది. రెండున్నాయి.

శనివారం, ఇంకా సాయంత్రమే

అయిపోయింది. వరసగా రాస్తాను.

మేం వెళ్ళేసరికి ఐసు ఫ్యాక్టరీ వెనక పిల్లలు జాతరలా ఉన్నారు. ఫోన్లు పైకెత్తి పట్టుకున్నారు. సరిగ్గా ఖాళీగా వదిలిన నడిమధ్య చోట నానమ్మ కుర్చీ వేసుకుని కూర్చుంది. పక్కన క్రేన్ వాళ్ళక్క ఇంకోటి వేసుకుంది.

"అమ్మమ్మా, అక్కడ ఫైటింగ్ ఉంది, జరగండి," అన్నాడొకడు.

"ఉండనీ బాబూ. కళ్ళు సరిగ్గా కనబడవు, దగ్గరగా చూద్దామని."

అటువైపు నుంచి క్రేన్ వచ్చాడు. ఇటువైపు నుంచి చంటి వచ్చాడు, మళ్ళీ దిద్దుకున్న మీసం అప్పుడే చెమటకి కారుతోంది. ఇద్దరూ కుర్చీలు చూసి ఆగిపోయారు. అప్పుడే ఇద్దరూ ఇళ్ళకి వెళ్ళిపోతారనుకున్నాను. వెళ్ళలేదు. అంతమంది చూస్తుంటే ఎలా వెళ్తారు? వెనక నుంచి ఎవడో "గొంగళీ!" అని అరిచాడు. చంటి చెయ్యి సంచిలోకి పోయింది. అది చూసి క్రేన్ చెయ్యి వీపు వెనక్కి పోయింది.

అప్పటిదాకా ఉన్న గోలంతా ఆగిపోయింది. ఫోన్లు పట్టుకున్నవాళ్ళు కూడా అడుగు వెనక్కి వేశారు. నానమ్మ లేవబోయింది, మడత కుర్చీ చీరని పట్టేసింది. 

తర్వాత నేను వాళ్ళిద్దరి మధ్యలో ఉన్నాను. ఎలా వెళ్ళానో తెలియదు. ఏదో ఒకటి అరవాలి కదా. నేను అరిచింది ఇది:

"ఆ మీసం నాది!"

ఎవరికీ అర్థం కాలేదు. నాకూ కాలేదు.

"నా పెన్సిలు! నా డబ్బులతో కొన్నాను! ఆ మీసం గురించి ఎవరైనా కొట్టుకోవాలంటే నాతో కొట్టుకోండి! వీడికి సంబంధం లేదు, వీడికి మీసమే లేదు!"

ఐసు ఫ్యాక్టరీ గోడలు కూలేంత నవ్వు. క్రేన్ కూడా నవ్వాడు. చంటి నవ్వలేదు. వాడి చెవులు ఎర్రబడ్డాయి, పెదవులు వణికాయి, చెయ్యి సంచిలోంచి రాలేదు. పరిస్థితి బాగుచేయబోయి ఇంకా పాడుచేశానని అప్పుడు అర్థమైంది.

కాపాడింది క్రేన్ వాళ్ళక్క. తీరిగ్గా లేచి, తమ్ముడి దగ్గరికి వెళ్ళి, బొటనవేలు నాలికతో తడి చేసుకుని, వాడి చెంప మీద గట్టిగా రాసింది. వాడి చెంప మీది గడ్డం నల్లగా ఆవిడ వేలికి వచ్చేసింది.

"రోజూ పొద్దున పెన్సిల్‌తో నేనే గీస్తాను," అంది అందరికీ వేలు చూపిస్తూ. "ఇవాళ వీడే గీసుకున్నట్టున్నాడు, వంకరగా ఉంది."

"అక్కా!" అన్నాడు క్రేన్. ఆ గొంతు మొదట లావుగా వచ్చి చివర్లో కీచుమంది.

ఆ కీచు విని చంటి ముక్కులోంచి ఒక శబ్దం వచ్చింది. నవ్వు ఆపుకుంటే వచ్చే శబ్దం. క్రేన్ వాడి వైపు చూశాడు. ఒకడికి మూతి మీద మరక, ఒకడికి చెంప మీద మరక. ఇద్దరూ ఒకేసారి విరగబడి నవ్వారు. నవ్వుతూ నవ్వుతూ క్రేన్ కింద కూర్చుండిపోయాడు. చంటి కళ్ళలోంచి నీళ్ళు వస్తున్నాయి. అవన్నీ నవ్వుకి వచ్చినవి కావు.

ఈలోగా నానమ్మ కుర్చీ నుంచి చీర విడిపించుకుని వచ్చి చెయ్యి చాపింది. "ఇటివ్వు." చంటి సాక్సు ఇచ్చాడు. క్రేన్ కత్తెర ఇచ్చాడు. "కూరగాయలు కోసేది పట్టుకొచ్చావురా! పొద్దున బీన్స్ చేత్తో తుంచుకున్నాను," అంది నానమ్మ. అని, కత్తి అలా పట్టుకునే ఏడ్చింది.

జనానికి తలా ఒక తిట్టు పెట్టి పంపించేసింది. వీడియోలు పెద్దగా ఎవరూ చూడటం లేదట. దెబ్బలు లేవు కదా.

ఆదివారం

నానమ్మ అమ్మకి అంతా చెప్పేసింది. అరుస్తుందనుకున్నాం. నాన్న ముందే బ్రేకు మీద కాలు పెట్టుకుని కూర్చున్నాడు. అమ్మ అరవలేదు. కత్తి తీసుకుని మళ్ళీ సాక్సులో చుట్టింది.

"మా ఫారాల్లో కారణం అని ఒక గడి ఉంటుంది," అంది చివరికి. "మేం 'వాదులాట' అని రాస్తాం. అంతకుమించి రాయడానికి చోటుండదు."

"దేని గురించో రాయరా?" అన్నాడు చంటి.

"రాయం."

"మీసం అని రాస్తే బాగోదు కూడా," అంది నానమ్మ.

అమ్మ నవ్వబోయి, చంటి చొక్కా పట్టుకుని దగ్గరికి లాక్కుని, వాడి భుజంలో మొహం దాచుకుంది. వాడు రెండు చేతులూ ఏం చేయాలో తెలియక అలా గాల్లో పెట్టుకుని నా వైపు చూశాడు. పట్టుకోరా అని సైగ చేశాను.

నాన్న ఈసారి రెండు కాళ్ళతో తొక్కాడు.

సోమవారం

అమ్మ పట్టాల అవతలికి వెళ్ళి జుట్టు కత్తిరించుకుని వచ్చింది. చాలాసేపు పట్టింది. ఇంకో కుర్చీలో ఒకావిడ తల దువ్వించుకుంటోందట. ఎవరో చెప్పలేదు, నేను అడగలేదు.

బుధవారం

చంటి మూతి నున్నగా గీయించుకున్నాడు. క్రేన్ కూడా. ఇద్దరూ క్యాంటీన్‌లో పక్కపక్కన కూర్చుని మూడుమూలలున్న పఫ్‌ని సమోసా అనొచ్చా లేదా అని వాదించుకుంటున్నారు. నన్ను చూసి క్రేన్ లేచి నిలబడి, "మీసంగారూ, కూర్చోండి," అన్నాడు. స్కూలంతా ఇప్పుడు నా పేరదే. గొంగళి కంటే నయం.

శుక్రవారం

ఇవాళ బస్సులో ఒకడు చంటిని తోశాడు. మా స్కూలు వాడు కాదు, పెద్దవాడు. కిటికీ సీటు కోసం. "ఏంట్రా చూస్తున్నావ్?" అన్నాడు. బస్సంతా అటు తిరిగింది. చంటి మెడ మీద నరం కొట్టుకోవడం వెనక సీటులోంచి నాకు కనిపించింది.

వాడు సారీ అనలేదు. ఏమీ అనలేదు. గంట కొట్టించి దిగిపోయాడు. ఇంటికి ఇంకా నాలుగు స్టాపులున్నాయి. బయట కుండపోత.

నాకేం పనిలేదు కాబట్టి నేనూ దిగాను. వాడు ముందు, నేను వెనక. దారిలో ఒకసారి వెనక్కి తిరిగి, "నువ్వెందుకు దిగావే?" అన్నాడు. "ఆ బస్సులో వాసనగా ఉంది," అన్నాను.

ఇంటికి వచ్చేసరికి ఇద్దరం నీళ్ళు కారుతున్నాం. ఏమైందని అందరూ గుమ్మంలోకి వచ్చారు. "ఎవడో తోశాడు, దిగి నడిచొచ్చాను," అన్నాడు వాడు. అందరూ వాడినే చూస్తూ ఉండిపోయారు. "ఏంటి అందరూ అలా చూస్తారు? తడిశాను, అంతేగా!" అని విసుక్కున్నాడు.

అమ్మ పరుగెత్తుకెళ్ళి రెండు తువ్వాళ్ళు తెచ్చింది. రెండూ వాడికే కప్పింది. వాడి తల తుడిచి, చెవులు తుడిచి, మళ్ళీ తల తుడిచి, అప్పుడు నన్ను చూసింది.

"అయ్యో, నువ్వెందుకు తడిశావే?"

"గొడుగు మర్చిపోయానమ్మా," అన్నాను.

గొడుగు నా సంచిలోనే ఉంది.